మెట్ల కింద గదికి సరిపడా చెత్త

ఆ బిల్డింగులో అందరికంటే బాధ్యత లేని మనిషి ఎవరయ్యా అంటే, చెత్త వెయ్యనివాడు. ఇది ఎవరో గిట్టనివాళ్లు చాటుగా అనుకున్న మాట కాదు. కింది హాల్లో కుర్చీలు వేసి, అందర్నీ కూర్చోబెట్టి, మైకు పెట్టి మరీ చదివి వినిపించిన మాట. చదివినవాడు పరాయివాడైనా బాగుండేది. సొంత బావమరిది.

"మొదటి అంతస్తు, కళ్లద్దాల షాపాయన ఇల్లు, తొంభై కిలోలు. చప్పట్లు! రెండో అంతస్తు, కవలపిల్లల తల్లి, నూట ఇరవై. ఇంకా గట్టిగా! మూడో అంతస్తు పిన్నిగారు, ఒక్క మనిషి అయ్యుండి కూడా డెబ్భై అయిదు. లేచి నిలబడండి పిన్నీ, అందరూ మిమ్మల్ని చూసి నేర్చుకోవాలి. ఇక కింది అంతస్తు..."

అక్కడ ఆగాడు బావమరిది. మైకుకి చెయ్యి అడ్డం పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"కింది అంతస్తు, మా బావ. సున్నా."

హాలంతా చావు కబురు విన్నట్టు అయిపోయింది. ఆ బావ వెనక వరసలో, కాలు విరిగితే తనే అతికించిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన్ని బిల్డింగులో అందరూ అతుకులాయన అంటారు. ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు, గొడుగులు, కుర్చీలు, ఏది పాడైనా బాగుచేసి ఇస్తాడు. అదే బతుకుతెరువు.

"సున్నా ఏమిటి?" అంది పెద్ద టీచరమ్మ. ఆవిడ చెత్త కమిటీకి అధ్యక్షురాలు. బడి వదిలేసి చాలా ఏళ్లయినా, ఎదురుగా ఎవరు కూర్చున్నా ఆవిడకి ఐదో తరగతి పిల్లల్లాగే కనబడతారు. "కాటా పనిచెయ్యలేదా?"

"కాటా బానే ఉందండీ. డబ్బానే ఖాళీగా ఉంది."

"నెలంతానా?"

"నెలంతా. లోపల సాలెగూడు కూడా పట్టింది. కళ్లారా చూశాను."

"లే" అంది టీచరమ్మ, వెనక వరస వైపు చూసి.

అతుకులాయన లేచాడు. చిన్నప్పుడే బడి మానేసినవాడు. టీచర్లు లెమ్మంటే లేవడం ఒక్కటే అక్కడ పూర్తిగా నేర్చుకున్న విద్య.

"ఏమయ్యా, మీ ఇంట్లో వంట చేసుకోరా?"

"చేసుకుంటామండీ."

"మరి తొక్కలు?"

"కుండీల్లో వేస్తామండీ. మొక్కలకి."

"అట్టపెట్టెలు?"

"ఫ్యాను రెక్కలు పెట్టుకోడానికి పనికొస్తాయండీ."

"విరిగిన బకెట్లు?"

"అతికిస్తానండీ."

"అతికించినా నిలవకపోతే?"

"నిలువునా కోసి చేట చేస్తానండీ."

"ఆ చేట కూడా విరిగితే?"

అతుకులాయన తల గోక్కున్నాడు. "ఇంకా విరగలేదండీ."

"చూశారా!" అంది టీచరమ్మ హాలు వైపు తిరిగి. "ఊరు ఊరంతా కష్టపడి పారేస్తుంటే, ఈయనగారు ఒక్కడే కూర్చుని దాచుకుంటున్నాడు. ఇది స్వార్థం కాదూ?"

"దాచుకోవడం కాదండీ, వాడుకోవడం."

"ఎదురు చెప్పకు. కూర్చో."

కూర్చున్నాడు.

అసలు ఈ గోలంతా ఊరి బయట కట్టిన ఫ్యాక్టరీ వల్ల. చెత్తని నలిపి, కరిగించి, కొత్త వస్తువులు చేసే ఫ్యాక్టరీ అది. కట్టించినవాళ్లు బాగా చదువుకున్నవాళ్లు కాబట్టి చాలా పెద్దది కట్టారు. తీరా మొదలుపెట్టాక చూస్తే, ఊళ్లో చెత్తంతా కలిపినా పొద్దున పదింటికల్లా అయిపోయేది. ఆ తరవాత యంత్రాలు ఖాళీగా తిరిగేవి. అలా తిరిగితే పాడైపోతాయట. ఫ్యాక్టరీని చిన్నది చెయ్యడం కుదరదు కాబట్టి చెత్తని పెద్దది చెయ్యాలని తీర్మానించారు. 'మీ చెత్త, మీ బాధ్యత' అని గోడగోడకీ రాయించారు. ఇంటింటికీ నడుమెత్తు డబ్బాలు రెండేసి ఇచ్చారు, తడి చెత్తకి పచ్చది, పొడి చెత్తకి నీలం. నెలకోసారి లారీ కాటాతో సహా వస్తుంది. ఏ బిల్డింగు ఎక్కువ తూగితే దానికి షీల్డు.

ఇక అంతే, జనానికి పూనకం వచ్చింది. కళ్లద్దాల షాపాయన అట్టపెట్టె కోసం టీవీ కొన్నాడు. ఇంట్లో ఒక టీవీ ఉండగా రెండోది ఎక్కడ పెట్టాలో తోచక, దాన్ని కూడా అట్టపెట్టెతో పాటే వేసేశాడు. కవలపిల్లల తల్లి బంగాళాదుంప తొక్క తీస్తే, దుంపంతా తొక్కతో పాటే పోయి, చేతిలో గోలీకాయంత మిగిలేది. పిల్లలిద్దరూ సన్నబడ్డారు కానీ డబ్బా మాత్రం పుష్టిగా ఉండేది. పక్క వీధివాళ్లు వచ్చి చెత్త ఎత్తుకుపోతున్నారన్న పుకారు పుట్టగానే అందరూ డబ్బాలకి తాళాలు వేసుకున్నారు. ఇళ్లకి వెయ్యడం మర్చిపోయినా డబ్బాలకి మాత్రం మర్చిపోలేదు.

ఇంత హడావుడిలో సున్నా తెచ్చినవాణ్ణి ఎవరు ఊరుకుంటారు?

"అధ్యక్షా," అన్నాడు బావమరిది, వేరే దారి లేనట్టు మొహం పెట్టి. "ప్రతి ఇల్లూ కనీసం యాభై కిలోలు తూగాలన్నది మనం పెట్టుకున్న నియమం. తూగని ఇంటికి బిల్డింగు సౌకర్యాలు ఉండవు. మా బావ వాడుకునే సౌకర్యం ఒక్కటే, మెట్ల కింద గది. వచ్చే తూకానికి కూడా ఇలాగే ఉంటే, ఆ గదిని కమిటీ తీసుకుంటుంది. అందులో అద్దాల బీరువా పెట్టి, లైటు వేసి, మన షీల్డు పెడదాం."

"షీల్డు వచ్చిందా?" అన్నాడు అతుకులాయన.

"వస్తుంది బావా. నీలాంటివాళ్లు అడ్డం పడకపోతే."

చప్పట్లు కొట్టారు. తీర్మానం అయిపోయింది.

ఆ మెట్ల కింద గదిని గది అని పిలవడం కూడా గౌరవం ఎక్కువే. పైకప్పు మెట్లతో పాటు ఏటవాలుగా దిగుతుంది. తలుపు దగ్గర మనిషి నిలబడొచ్చు, మధ్యలో వంగాలి, చివరికి పాకాలి. పైన ఎవరు మెట్లెక్కినా నెత్తిమీదే ఎక్కినట్టుంటుంది. గోడనిండా సీసాలు. మరలు ఒకదాంట్లో, స్ప్రింగులు ఒకదాంట్లో, ఏమిటో తెలియనివి ఒకదాంట్లో. అన్నిటికంటే పెద్దది ఆ తెలియనివాటి సీసాయే. అతుకులాయన మీసం మొలవకముందు ఆ గదిలోకి వెళ్లాడు, ఇప్పుడు మీసం నెరిసింది. బయట అతన్ని నువ్వు అనేవాళ్లే అందరూ. ఆ గది గుమ్మం దగ్గర మాత్రం, చేతిలో తిరగని ఫ్యాను పట్టుకుని, ఎంతటివాడైనా "ఏమండీ, ఖాళీయేనా" అని అడిగేవాడు. ఆ గది పోతే ఇక ఆ 'అండీ' ఎక్కడా దొరకదు.

ఇంటికి వెళ్లాక భార్య విషయమంతా వింది. ఆవిడ బ్రెడ్డు ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేస్తుంది. రోజంతా యంత్రాల హోరులో అరిచి అరిచి, ఇంట్లో కూడా అదే గొంతు.

"గది పోతే ఈ సీసాలన్నీ ఎక్కడ పెడతారు?"

"ఇంట్లో."

"మీరెక్కడ కూర్చుంటారు?"

"ఇంట్లో."

వాళ్లకి ఉన్నది ఒకటిన్నర గది. "రోజంతానా? అమ్మో! లేవండి, లేవండి. ఇప్పుడే ఏదో ఒకటి పారేద్దాం."

ఇద్దరూ కలిసి వెతకడం మొదలుపెట్టారు. బట్ట చిరిగిపోయి కమ్మీలు మిగిలిన గొడుగు తీసింది ఆవిడ.

"ఇది?"

"కమ్మీలు చూడు, ఎంత గట్టిగా ఉన్నాయో. ఇలాంటి కమ్మీలు ఇప్పుడు రావడం లేదు."

"ఈ చెప్పు?"

"దాని అడుగు కోస్తే కుర్చీ కాళ్లకి తొడుగులవుతాయి."

"రెండోది ఏదీ?"

"ఇప్పుడు నువ్వు కూర్చున్న కుర్చీకి ఉన్నాయిగా."

చివరికి చిల్లుపడ్డ నీళ్ల డబ్బా ఒకటి ఆవిడే లాక్కెళ్లి నీలం డబ్బాలో పడేసి, మూత పెట్టి, మూత మీద ఇటుక పెట్టి డ్యూటీకి వెళ్లింది. సాయంత్రం వచ్చేసరికి ఇటుక నేలమీద ఉంది, నీళ్ల డబ్బా లేదు. మొగుడు దాన్ని ఒళ్లో పెట్టుకుని చిల్లు పూడుస్తున్నాడు.

"ఊరికే చూద్దామని మూత తీశాను" అన్నాడు, నీళ్లు నములుతూ. "చిన్న చిల్లే."

ఆవిడ చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోయింది. కాసేపటికి ఆవిడే ఒక ఉపాయం చెప్పింది. "మన దగ్గర లేకపోతే ఉన్నవాళ్ల దగ్గర బదులు తెచ్చుకుందాం. చక్కెర అయిపోతే పక్కింట్లో తెచ్చుకోమా? ఇదీ అంతే."

మూడో అంతస్తు పిన్నిగారు బదులివ్వడానికి ఒప్పుకుంది, కానీ తేలిగ్గా ఒప్పుకోలేదు. ఇల్లంతా చెత్త పేర్చుకుని దాని మధ్య దొరసానిలా కూర్చుంది.

"ఇస్తాను కానీ అతుకులూ, ఇది నేను రూపాయి రూపాయి కూడబెట్టినట్టు కూడబెట్టిన చెత్త. వచ్చే నెల నువ్వు తూచినదానికి తూచి తిరిగివ్వాలి. ఇందులో రకం తగ్గితే ఊరుకోను."

"అయ్యో, ఎంత మాట పిన్నిగారూ."

"ఇది తిరగని ఫ్యాను. ఇది వేడెక్కని ఇస్త్రీ పెట్టె. ఇది కూర్చుంటే పడేసే కుర్చీ. ఇది నా పెళ్లినాటి గోడగడియారం. ఆయన పోయిన మర్నాడే ఆగిపోయింది. జాగ్రత్త సుమా."

అన్నీ మోసుకొచ్చి, తను ఎప్పుడో బాగుచేసి పెట్టుకున్న పాత కాటా మీద పెడితే యాభై దాటింది. అతుకులాయన వాటిని నీలం డబ్బాలో పేర్చి, తూకం ఇంకా వారముందనగా, గుండెల మీద చెయ్యేసుకుని గదిలో కూర్చున్నాడు.

కూర్చున్నాడు కానీ చేతులు ఊరుకోవుగా. ఫ్యాను ఎందుకు తిరగడం లేదో తెలిస్తే చాలు, బాగుచెయ్యక్కర్లేదు, ఊరికే తెలిస్తే చాలు అనుకున్నాడు. తీసి చూశాడు. వైరు ఊడింది, అంతే. ఊడిన వైరుని అలా వదిలేస్తే ఎవరికైనా షాకు కొట్టదూ? మంచికే కదా అని అతికించాడు. ఫ్యాను తిరిగింది. దాని గాలికి ఇస్త్రీ పెట్టె మీద దుమ్ము లేచింది. దుమ్ము తుడుస్తుంటే దాని లోపం కూడా కనబడింది. ఇక ఆ తరవాత ఏం చేశాడో అతనికే సరిగ్గా తెలియదు. భార్య వచ్చి చూసేసరికి నీలం డబ్బా బోడిగా ఉంది, గదిలో ఫ్యాను తిరుగుతోంది, కుర్చీ నిలబడి ఉంది, గడియారం గంటలు కొడుతోంది.

ఆవిడ తిట్టలేదు. దానికే అతనికి ఎక్కువ భయం వేసింది.

వస్తువులన్నీ భుజాన వేసుకుని మూడో అంతస్తుకి వెళ్లాడు. తప్పయిపోయింది, ఇవి తీసుకుని వేరేవి ఇప్పించండి అని అడుగుదామని. పిన్నిగారు తలుపు తీసి, బాగుపడ్డ సామానుని చూసి, అగ్గి మీద గుగ్గిలమైపోయింది.

"నేను చెత్త ఇస్తే నువ్వు వస్తువు తిరిగిస్తావా?"

"బాగుపడింది కదండీ పిన్నిగారూ..."

"బాగుపడితే నాకేం ఒరిగింది? ఇప్పుడు దీన్ని ఏ మొహం పెట్టుకుని పారెయ్యను? తిరిగే ఫ్యానుని పారేస్తే పొగరంటారు. నా డెబ్భై అయిదులోంచి యాభై పాడుచేశావు కదయ్యా! నేనేం పాపం చేశాను నీకు?"

అతని భుజం మీద గడియారం గంట కొట్టింది. పిన్నిగారు అదిరిపడి, ఒక్క క్షణం దానివైపు చూసింది. కొంగుతో కళ్లొత్తుకుంది. మళ్లీ వెంటనే కోపం తెచ్చుకుని తలుపు వేసేసింది. గడియారాన్ని మాత్రం తలుపు వెయ్యకముందే లోపలికి లాక్కుంది.

సాయంత్రానికల్లా బిల్డింగంతా గుప్పుమంది. అతుకులాయన సొంత చెత్త వెయ్యకపోగా ఇతరుల చెత్తని కూడా పాడుచేస్తున్నాడట. ఆ రోజునుంచి అతను మెట్ల దగ్గర కనిపిస్తే, జనం విరిగిన సామానుని బట్ట కప్పి దాచుకుని వెళ్లేవాళ్లు. ఎవరూ చిన్న తొక్క కూడా బదులివ్వలేదు.

తూకం రోజు పొద్దున్నే లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. ఒక్కో ఇంటివాళ్లూ డబ్బాల్ని దొర్లించుకుంటూ వచ్చి కాటా మీద పెడుతున్నారు. టీచరమ్మ కుర్చీ వేసుకుని కూర్చుంది. బావమరిది లెక్క కడుతున్నాడు. లారీ డ్రైవరు బక్కగా, పొడుగ్గా, దేనికీ ఆశ్చర్యపోని మనిషి. డబ్బాలు ఎత్తడం, లారీలో పెట్టడం, బీడీ వెలిగించడం. అంతే.

అతుకులాయన రెండు ఖాళీ డబ్బాలతో వచ్చి నిలబడ్డాడు. వెనకాల భార్య, డ్యూటీకి బయల్దేరిన వేషంలో, నెత్తిమీద ప్యాకింగు టోపీతో ఉంది.

"బావా, తాళంచెవి ఇచ్చెయ్" అన్నాడు బావమరిది మెల్లగా. "మర్యాదగా పోతుంది."

"ఇస్తే?"

"మధ్యాహ్నానికి బీరువా వచ్చేస్తుంది."

"నా సీసాలు?"

"అవి కూడా వేసేస్తే కాసిని కిలోలు వస్తాయి బావా. ఈ నెలకి పనికొస్తాయి."

ఆ మాటతో అతుకులాయనకి ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి వంగి వంగి పనిచేసిన నడుం ఒక్కసారిగా నిటారుగా లేచింది. కాలెత్తి నీలం డబ్బాలో పెట్టాడు. రెండో కాలూ పెట్టాడు. లోపల చతికిలబడి, తల మాత్రం బయట పెట్టి,

"తూచండి!" అన్నాడు.

జనం నోళ్లు వెళ్లబెట్టారు. డ్రైవరు బీడీ చివర చూసుకుని, డబ్బాని కాటా మీదకి దొర్లించాడు.

"ఇదేం అల్లరి?" అంది టీచరమ్మ. "దిగు కిందికి!"

"చెత్త వెయ్యనివాడు మనిషే కాదన్నట్టు చూశారుగా. మనిషి కానివాణ్ణి చెత్త కింద కట్టుకోండి."

"టీచరమ్మగారూ," అన్నాడు బావమరిది, గొంతులో కొత్త ఉత్సాహంతో. "నియమాల్లో మనిషిని వెయ్యకూడదని ఎక్కడా లేదండీ. పైగా ఈ బరువు కలిస్తే పక్క వీధి బిల్డింగుని దాటేస్తాం. కాకపోతే ఒక్కటే చిక్కు. నీలం డబ్బాలో కూర్చున్నాడు. మనిషి పొడి చెత్త కిందికి వస్తాడా, తడి చెత్త కిందికి వస్తాడా?"

"మనిషి ఒంట్లో మూడింట రెండు వంతులు నీళ్లే" అంది టీచరమ్మ, పాఠం దొరికిన సంతోషంతో. "తడి."

"ఆయన ఎండిపోయి చాలా కాలమైందండీ" అంది భార్య గట్టిగా. "పొడి కిందే రాసుకోండి."

పొడిగానే రాశారు. కాటా ముల్లు నలభై తొమ్మిది దగ్గర ఆగింది. అందరూ "అయ్యో" అన్నారు. అతుకులాయన భార్య వైపు చూశాడు. ఆవిడ గదిలోకి పరిగెత్తుకెళ్లి, మరల సీసా తెచ్చి అతని చొక్కా జేబుల్లోనూ, ప్యాంటు జేబుల్లోనూ ఒంపేసింది. ముల్లు యాభై దాటింది. బిల్డింగంతా ఈలలు వేసింది. కవలపిల్లలు ఎగిరి గంతులేశారు.

"గది నీదే బావా!" అన్నాడు బావమరిది, నిజంగానే సంతోషించి.

"సరే, చెయ్యందించు. దిగుతాను."

"దిగడమేంటి?" అన్నాడు డ్రైవరు. అతను నోరు విప్పడం అదే మొదలు. "తూచింది దించరు. దించితే బరువు కొట్టేస్తారు."

దిగితే గది పోతుంది. దిగకపోతే తను పోతాడు. అతుకులాయన డబ్బాలో కూర్చుని కాసేపు ఆలోచించాడు. తాళంచెవి తీసి భార్య చేతిలో పెట్టాడు.

"సాయంత్రం తాళం తీసి ఓసారి ఊడ్చు. సీసాల వరస మార్చకు" అన్నాడు.

లారీ కదిలింది.

ఫ్యాక్టరీ యార్డు ఊరంత ఉంది. గేటు పక్కన చిన్న కిటికీ, దాని వెనక కాటా ఆవిడ. కళ్లద్దాలు ముక్కు చివరికి దింపుకుని, వచ్చిన ప్రతిదాన్నీ ఏ గుట్టలో వెయ్యాలో చెబుతుంది. డబ్బాలో తలని చూసి కూడా ఆవిడ కళ్లద్దాలు పైకి జరపలేదు.

"ఏం సరుకు?"

"మనిషినండీ."

"ఆ గుట్ట లేదు. అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్లి చూడండి."

తీసుకెళ్లారు. జేబుల నిండా మరలేమో, అతుకులాయన టప్పున వెళ్లి అయస్కాంతానికి అతుక్కున్నాడు.

"ఇనుము" అంది ఆవిడ. ఇనుప గుట్ట మీద కూర్చోబెట్టారు.

గుట్ట మీదినుంచి చూస్తే, కనుచూపుమేర ఫ్యాన్లు, కుట్టుమిషన్లు, సైకిళ్లు. సగానికి సగం ఒక్క మరతో లేచి నిలబడేవే. పక్కనే ఉన్న సైకిలు చక్రం మీద అతని చెయ్యి దానంతటదే పడింది.

"ఇనుప గుట్టలో ఎవరో కదులుతున్నారు!" అని మైకులో వినబడింది. "ఏదీ బాగుచెయ్యకూడదు. బాగుపడితే లెక్క తప్పుతుంది."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మధ్యాహ్నం భార్య వచ్చింది. సగం డ్యూటీ వదిలేసి, టోపీ తియ్యకుండానే వచ్చేసింది. వెనకాలే బావమరిది, ఆవిణ్ణి ఆపడానికి. ఇద్దరూ కిటికీ దగ్గర వాదులాడుకోవడం అతుకులాయనకి గుట్ట మీదికి కూడా వినబడుతోంది. ఆవిడ గొంతుకి యార్డు ఒక లెక్కా?

"మా ఆయన్ని మాకిచ్చెయ్యండి."

"తూకం అయిపోయిందమ్మా" అంది కాటా ఆవిడ. "రేపు పొద్దున్న యంత్రాల్లోకి పోతుంది. వెనక్కివ్వాలంటే ఒకటే దారి. అది ఇంకా పనికొచ్చే సరుకని మీరు చెప్పాలి. పనికొచ్చేది చెత్త కాదు కాబట్టి ఆ బరువు మీ బిల్డింగు లెక్కలోంచి కొట్టేస్తాం."

"కొడితే?"

"అదంతా నాకు తెలీదు. పనికొస్తాడా, పనికిరాడా? త్వరగా చెప్పండి, వెనక లారీలున్నాయి."

"అక్కా, తొందరపడకు" అన్నాడు బావమరిది. "పనికిరాడని చెప్పు. గది బావకే ఉంటుంది, షీల్డూ వస్తుంది. బావని రేపు పొద్దున లోపల ఏదో ఒకటి చేసి తెచ్చుకుందాం."

"ఏం చేసి?"

"ఏదో ఒకటి. కమిటీలో పెడదాం."

ఆవిడ గుట్ట వైపు చూసింది. గుట్ట మీదినుంచి అతుకులాయన రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు. పనికిరానని చెప్పు, పనికిరానని చెప్పు, గది, గది. ఆవిడ చూస్తూనే ఉంది. చాలాసేపు చూసింది. ఆ చూడటం ఎక్కువయ్యేకొద్దీ, అతనికే ఎందుకో లోపల ఒక మూల బాధగా అనిపించింది. ఇంతసేపు ఆలోచించాలా?

"పనికొస్తాడు" అంది.

"దేనికి?" కాటా ఆవిడ పెన్ను తీసింది.

"అన్నీ బాగుచేస్తాడు."

"అది చెల్లదు. దానివల్ల ఫ్యాక్టరీకి నష్టం. వేరే చెప్పండి. పై అరల్లో సామాను అందుకుంటాడా?"

"పొట్టి మనిషండీ. అందవు."

"బరువులు మోస్తాడా?"

"నడుం నొప్పి."

"పాటలేమైనా పాడతాడా?"

"అయ్యో, వద్దండీ."

వెనకాల లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆవిడ టోపీ సర్దుకుంది.

"నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి తలుపు తీసి ఉంటుందండీ. ఎన్నింటికి వచ్చినా సరే. రెండు చేతుల్లో సంచులతో వస్తానా, కొట్టక్కర్లేదు, పిలవక్కర్లేదు. మెట్ల కిందనుంచి నా అడుగు విని, ముందే వచ్చి తీసేస్తాడు."

కాటా ఆవిడ మొదటిసారి కళ్లద్దాలు పైకి జరిపింది. "అంటే, తలుపు సామాను" అంది. "అది పనికొచ్చేదాంట్లోకే వస్తుంది. గడియ అని రాస్తున్నాను. తీసుకెళ్లండి." వెంటనే బావమరిదికి వినబడేలా చెప్పింది. "మీ లెక్కలో యాభై తగ్గింది."

బావమరిది అక్కడే నేలమీద కూలబడిపోయాడు.

మొగుడూ పెళ్లాం నడిచి ఇంటికి బయల్దేరారు. మరలు జేబుల్లో గలగలలాడుతున్నాయి. అతుకులాయన వాటిని రెండు చేతులతో అదిమిపట్టుకుని చాలా దూరం నడిచాడు. ఇక ఉండబట్టలేకపోయాడు.

"గది పోయింది."

"పోయింది."

"ఒక్క మాట. పనికిరాడని ఒక్క మాట అనుంటే సరిపోయేది. ఇంట్లో పొద్దున లేచింది మొదలు అదే అంటావు కదా. పాలు పొంగితే పనికిరారు. కరెంటు పోతే పనికిరారు. సరిగ్గా కావలసినరోజు నోరు రాలేదా?"

"ఇంట్లో అనడం వేరు" అంది ఆవిడ, నడక ఆపకుండా. "ఎవరో కిటికీ దగ్గర కూర్చుని అడిగితే, పరాయివాళ్ల ముందు అలా ఎలా అంటానండీ?"

అతను అడుగు పెద్దది చేసి ఆవిడ పక్కకి చేరాడు.

బిల్డింగుకి చేరేసరికి అద్దాల బీరువా వచ్చేసింది. షీల్డు ఎలాగూ పక్క వీధికి పోయింది, కానీ బీరువా దింపిన కూలీలు వెళ్లిపోయారు, తీర్మానం తీర్మానమే. బావమరిది ఆటోలో ముందే వచ్చి కబురు చెప్పాడట, గది తాళం పగలగొట్టి సామానంతా మెట్ల పక్కన కుప్పపోశారు. టీచరమ్మ బీరువాలో లైటు వేయించి, వెలుగు సరిపోతోందా లేదా అని చూస్తోంది. లోపల ఏమీ లేదు. అది చూడటానికి కూడా నలుగురు గుమిగూడారు.

అతుకులాయన కుప్ప పక్కన చతికిలబడ్డాడు. భార్య సంచి లోపల పెట్టి, వంటింట్లోకి వెళ్లింది. లోపలినుంచి గిన్నెల చప్పుడు, అరలు ఖాళీ చేస్తున్న చప్పుడు. కాసేపటికి కొంగు బిగించుకుని బయటికి వచ్చి, ఆ ఏమిటో తెలియనివాటి పెద్ద సీసాని ఒక పక్క పట్టుకుంది. మెట్ల మీదివాళ్లకీ, బీరువా దగ్గరివాళ్లకీ, మూడో అంతస్తు పిన్నిగారికీ అందరికీ వినబడేంత గొంతుతో అంది.

"చూస్తారేంటండీ అలా? అటు పక్క పట్టుకోండి. పప్పుల డబ్బాలన్నీ మంచం కిందికి తోశాను. కిటికీ దగ్గర వెలుగుంటుంది, అక్కడ కూర్చోండి. నేను వంట చేస్తున్నప్పుడు మాత్రం ఆ సుత్తి ముట్టుకున్నారంటే చూడండి!"

అతను అటు పక్క పట్టుకున్నాడు. సీసా అతను అనుకున్నదానికంటే బరువుగా ఉంది.